అలసట మోసే మనిషి

మూడో గేమ్ చివరి పాయింట్లు నడుస్తున్నాయి. అద్దం అవతల కోర్టులో రోహిణి ఎగిరెగిరి స్మాష్‌లు కొడుతుంటే, ఇవతల మంచం మీద అరుంధతికి ఊపిరాడడం లేదు. పిక్కలు పట్టేశాయి. రాకెట్ ముట్టుకోకుండానే రెండుసార్లు బకెట్‌లోకి వాంతి చేసుకుంది.

విశాఖపట్నంలోని ఆ బ్యాడ్మింటన్ అకాడమీకి డాక్టర్ వకుళ తయారు చేసిచ్చిన యంత్రం చేసే పని ఒక్కటే. ఆడేవాళ్ళ చేతికి ఒక బ్యాండ్, మోసేవాళ్ళ చేతికి ఒక బ్యాండ్. ఆడే ఒంట్లో పుట్టిన అలసట సిగ్నల్‌గా మారి రెండో ఒంట్లోకి దిగిపోతుంది. ఆ గుండె కొట్టుకోవాల్సిందంతా ఈ గుండె కొట్టుకుంటుంది. ఆటను నడిపే పెద్దలు దీన్ని సైన్సు గొప్పతనమని ఒప్పేసుకున్నారు.

అరుంధతి కూడా ఒకప్పుడు జిల్లా తరఫున ఆడినదే. "రెండేళ్ళు మోసిపెట్టమ్మా, తర్వాత కోర్టు నీదే" అన్నాడు కోచ్ సింహాద్రి. ఆ మాట పట్టుకునే ఇక్కడ పడి ఉంది. రోహిణి గెలిచి, తడవని చొక్కాతో ఫొటోలు దిగి, అద్దం దగ్గరకొచ్చి "ఇవాళ బాగా మోశావే" అంటుంది. వింటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. బకెట్ కంపు కన్నా ఆ మెచ్చుకోలు మీదే ఆమెకు ఎక్కువ రోత.

జాతీయ సెలక్షన్ దగ్గర పడ్డాక యంత్రాన్ని సర్వీసింగ్ కోసం ఆపారు. బ్యాండ్ లేకుండా ప్రాక్టీసుకు దిగిన రోహిణి నాలుగు ర్యాలీలకే చతికిలబడింది. ఆమెకు ఎదురు ఆడడానికి ఊరికే దింపిన అరుంధతి మాత్రం ఆయాసం లేకుండా నిలబడే ఉంది. ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

వకుళ ఇద్దరికీ పరీక్షలు చేసి తల పట్టుకుంది. "అలసట పోతే చాలనుకున్నాం. అలసిన ఒళ్ళే బలపడుతుందన్న సంగతి మర్చిపోయాం. రోహిణి కష్టంతో పాటు ఆమెకు రావాల్సిన సత్తువ కూడా అరుంధతికి పోయింది."

సింహాద్రి ఎక్కువసేపు బాధపడలేదు. "అయితే ఏటైంది మేడమ్? సెలక్షన్‌కి అరుంధతి ఆడతాది. రోహిణి మంచం ఎక్కుతాది."

రోహిణి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది.

"అరుంధతికి అసలు బ్యాండే అక్కర్లేదు" అంది వకుళ. "తన సత్తువతోనే గెలుస్తుంది. కట్టుకుంటే మాత్రం రెండేళ్ళలో తనూ ఇలాగే కూలబడుతుంది. విన్నావా అమ్మా?"

అరుంధతి విన్నది. ఇన్నాళ్ళ నొప్పులూ, నోటి చేదూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవే రోహిణికి అంటగట్టబోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి చాపింది.

"కాస్త బిగించి కట్టండి మేడమ్" అంది, రోహిణి వైపు చూడకుండా. "రెండేళ్ళ సంగతి అప్పుడు చూసుకుందాం."