నాన్న పేరు మీద ఇన్సూరెన్స్

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పెద్దాయన కుర్చీని గోడ దగ్గరికి జరుపుకున్నాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నా ఎలాగో పైకెక్కి, హాల్లో వేలాడుతున్న ఇత్తడి షీల్డును మేకు నుంచి దించాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన రోజు డిపోలో ఇచ్చారది. "ఒక్క ప్రమాదమూ చేయని డ్రైవర్" అని దాని మీద చెక్కి ఉంటుంది.

"పడిపోతారు మామయ్యగారూ, దిగండి. ఇప్పుడది ఎందుకు తీస్తున్నారు?" అంటూ కోడలు వంటింట్లోంచి వచ్చింది.

"ఇన్సూరెన్సు సర్వేయర్ వస్తాడు కదమ్మా. కారు గుద్దింది నేనేనని చెప్పమన్నారు మీరిద్దరూ. అది చెబుతూ, ఇది నెత్తి మీద వేలాడుతుంటే ఎలా కూర్చోను?"

కోడలు కుర్చీ కదలకుండా పట్టుకుంది.

కారు కొడుకుది, నడిపేదీ కొడుకే. అంతకుముందే కారును అక్కడా ఇక్కడా గుద్ది క్లెయిములు తీసుకున్న ఘనుడు కాబట్టి, అతని పేరు చెబితే ప్రతి ఇన్సూరెన్సు కంపెనీ రేటూ ఆకాశంలో ఉంది. రోజూ నడిపేది తండ్రి అని రాయించగానే సగానికి దిగింది. మొగుడూ పెళ్ళాం తెగ మురిసిపోయారు. ఫుల్ కవరేజీ ఇంత చవకగా ఇంకెవరికైనా వచ్చిందా అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నారు. పెద్దాయన చూపు మందగించి స్టీరింగు ముట్టుకోవడమే మానేశాడన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పక్కన పెట్టేశారు.

మొన్న సాయంత్రం ఆ కారు వెళ్ళి ఓ ఫర్నిచర్ షాపు ముందున్న సిమెంటు స్తంభానికి గుద్దుకుంది. ఫోను చూసుకుంటూ నడిపాడు మహానుభావుడు. మనుషులకేమీ కాలేదు. బండి ముందు భాగం మాత్రం నుజ్జునుజ్జయింది.

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ హాల్లోకి వచ్చి, ఖాళీ మేకునూ తండ్రి చేతిలోని షీల్డునూ చూశాడు.

"ఈ నాటకం అవసరమా నాన్నా? ఒక్క మాట చెప్పమన్నాను, అంతే కదా."

"ఒక్క మాటే అయితే నువ్వే చెప్పొచ్చుగా."

"నేను చెబితే పైసా రాదు. రిపేరుకి నా జీతాలన్నీ ఊడ్చి పెట్టాలి. రిటైరైపోయావు, ఇంకా ఆ పేరుతో నీకేం పని?"

ఆ మాట పెద్దాయన గుండెలో కసుక్కున దిగింది. షీల్డు మీది దుమ్మును పంచె అంచుతో తుడిచాడు.

"పనేం లేదురా. మిగిలింది అదొక్కటే, అంతే," అన్నాడు.

సర్వేయర్ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుని, హాల్లో కూర్చున్నాడు.

"అప్పుడు నడుపుతున్నది ఎవరండీ?"

"నేనే బాబూ. కుక్క అడ్డొచ్చింది," అని పెద్దాయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఇంతకుముందు మీ చేతిలో ఏమైనా యాక్సిడెంట్లు జరిగాయా?"

పెద్దాయన గోడ వైపు చూశాడు. మేకు కింద షీల్డు ఉన్న చోట మాత్రం రంగు కొత్తగా ఉంది.

"లేదు బాబూ. ఇదే మొదటిది."

కొడుకు తల దించుకున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి బస్సెక్కి, ముందు సీట్లో కూర్చుని వాగుతూనే ఉండేవాడు. తండ్రి జవాబిచ్చేవాడు కానీ, రోడ్డు మీంచి చూపు తిప్పేవాడు కాదు. ఒక్కసారి కూడా నా వైపు చూడవేం అని అలిగేవాడు. అలాంటి మనిషి నోటితో ఇప్పుడీ మాట అనిపించాడు.

"నాన్న కాదండీ. నేను నడిపాను. కుక్కా లేదు, ఏమీ లేదు. రోజూ నడిపేది కూడా నేనే," అన్నాడు.

"ఏమండీ," అంది భార్య, పళ్ళ మధ్య నుంచి.

సర్వేయర్ పెన్నుకి మూత పెట్టాడు. "అలాగైతే క్లెయిమ్ రావడం కష్టం సర్. నడిపే మనిషిని బట్టే రేటు కడతారు. అది తప్పు చెబితే పాలసీ కూడా రద్దు చేయొచ్చు. మీ పేరుతోనే ఎక్కువ కట్టుంటే, ఇవాళ రిపేరుకి కంపెనీయే ఇచ్చేది." లేచి వెళ్ళిపోయాడు.

"ఆ నిజమేదో ముందే చెప్పి ఏడవలేకపోయారా? ఆయన చేత అబద్ధమాడించాక గుర్తొచ్చిందా?" అంది భార్య. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాదీ బుద్ధి తక్కువే. రేటు చూశాను గానీ షరతులు చదివానా."

కొడుకు షీల్డు తీసుకుని కుర్చీ ఎక్కబోయాడు.

"తగిలించకు," అన్నాడు తండ్రి.

"తప్పైపోయింది నాన్నా. నీ మీద మచ్చేం పడలేదు, నిజం చెప్పేశాను కదా."

"నువ్వు నీ నిజం చెప్పావు. నేను అబద్ధం ఆడేశాను కదరా. దాన్నెవరు తుడుస్తారు?"

తండ్రి షీల్డు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కొడుకు వైపు చూడకుండానే అన్నాడు.

"ఆఫీసుకి టైమవుతోంది. బస్సెక్కి వెళ్ళు. ముందు సీట్లో కూర్చో. డ్రైవరు ఎటు చూస్తాడో చూడు."

కొడుకు బస్సెక్కి ముందు సీట్లోనే కూర్చున్నాడు. బస్సు కదిలింది. వెనక ఎవరో అరుచుకుంటున్నారు, ఒకామె దిగే చోటు గురించి డ్రైవర్ని అడుగుతోంది. డ్రైవరు జవాబు చెప్పాడు. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది.

జేబులో ఫోను మోగింది. కొడుకు తీయలేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి, ముందున్న రోడ్డు అతనికి కనబడలేదు.