సన్నఫోను పందెం

సుకన్య ఉప్మా గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, మెట్లు దిగి కింద దుకాణంలోకి వచ్చేసరికి ఆమె మామగారు ఓంప్రకాశ్ కొత్త ఫోనుకు బొట్టు పెడుతున్నాడు. గల్లా మీది లక్ష్మీదేవికి దండం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు అద్దాల పెట్టెలో, ఎర్ర ముఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టిన ఫోనుకు కూడా ఇంత కుంకుమ.

ఆ ఫోను ఇంకా మార్కెట్లోకి రాలేదు. వచ్చే శుక్రవారం విడుదల. అందరికీ చూపించడానికి కంపెనీవాళ్ళు ముందుగా ఒక డెమో పీసు పంపారు. దానికి వాళ్ళు ఏదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు గాని, హన్మకొండ చౌరస్తాలో అందరూ దాన్ని సన్నఫోను అనే పిలుస్తున్నారు. నిజంగానే అప్పడంలా ఉంటుంది. కాలేజీ పిల్లలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి "ఎప్పుడొస్తది అంకుల్?" అని అడిగి, అద్దం మీద వేలిముద్రలు వేసి పోతున్నారు. విడుదలకు ముందే యాభై బుకింగులు రాయిస్తానని ఓంప్రకాశ్ డిస్ట్రిబ్యూటరుకు మాట ఇచ్చాడు. రాయిస్తే ఊళ్ళో మొదటి స్టాకు ఆయన దుకాణానికే వస్తుంది. చౌరస్తాలో ఆయన ఫొటోతో బ్యానరు కూడా కడతారు. ఇప్పటికి ఇరవై ఏడు పేర్లు పుస్తకంలో ఎక్కాయి.

సుకన్యకు మాత్రం ఆ ఫోను లోగుట్టు తెలుసు. మొన్న ఆదివారం తన సిమ్ము అందులో వేసి ఒకరోజంతా వాడి చూసింది. మధ్యాహ్నం మూడున్నరకల్లా ఫోను కన్ను మూసింది. అంత సన్నగా చేసినప్పుడు బ్యాటరీకి చోటు ఎక్కడుంటుంది? పైన పటారం, లోన లొటారం. ఆ మాట భర్త భానుచందర్‌తో అంటే, "బాపుకు చెప్పకు" అని అతను దుప్పటి ముసుగు పెట్టేశాడు. మంచివాడే. కాకపోతే తండ్రి ఎదురుగా అతనికి నోట్లో నాలుక ఉండదు.

ఆ రోజు మొదటి బేరానికి వచ్చింది యాకమ్మ. ధర్మసాగర్ దగ్గరి ఊరు. నలభై ఐదేళ్ళ మనిషి, చెప్పులకు ఎర్రమన్ను.

"ఆ సన్నఫోను నాకొకటి రాయుండ్రి సారు. మా ఊర్ల పోరగాండ్లంత అదే మస్తున్నదంటాండ్రు" అంది.

ఓంప్రకాశ్ ముఖం వెలిగింది. పుస్తకం తెరిచి యాకమ్మ పేరు రాశాడు, నంబరు రాశాడు. ఈలోగా సుకన్య మాట కలిపింది.

"ఫోనుతోని నీకేం పని ఉంటది అక్కా?"

"నేను ఉపాధి పనికి మేట్‌ను గద బిడ్డా. పొద్దుగాల కూలోల్లను నిలవెట్టి ఫొటో ఎక్కియ్యాలె. మల్ల మద్యాన్నం దాటినంక ఇంకోటి ఎక్కియ్యాలె. మొన్న రెండో ఫొటో యాల్లకు నా పాత ఫోను సచ్చింది. నలబై మందికి ఆ దినం హాజరు పడలే. ఎండల మట్టి మోసిన ముసలోల్లు గూడ ఉన్నరు. వాల్ల ముఖం చూడలేకపోయిన."

"పని కాడ చార్జింగ్ ఏడ పెడ్తవ్?"

"చెర్వుల ఏడుంటది బిడ్డా? స్తంభం గూడ లేదు."

"అట్లయితే ఇది తీసుకోకు" అంది సుకన్య. "మూడింటిదాక ఉంటె ఎక్కువ. నీ రెండో ఫొటో మల్ల ఆగమైతది. అగో, ఆ మూలకున్న మందం ఫోను చూడు. చూసేటందుకు బాగుండదు, బరువుంటది, గని రెండు దినాలు నడుస్తది."

ఓంప్రకాశ్ కలం ఆగిపోయింది. యాకమ్మ సన్నదాన్నీ మందపాటిదాన్నీ మార్చి మార్చి చూసింది. ఊరందరికీ సన్నది తెస్తానని చెప్పి బయల్దేరిన మనిషి. "జర పోరగాండ్లను అడిగి వస్త" అని లేచి వెళ్ళిపోయింది.

బోణీ బేరం వాపసు పోయింది. ఓంప్రకాశ్ తండ్రి అదే చోట గడియారాలు అమ్మిన రోజుల నుంచీ ఆ దుకాణానికి ఒక కట్టు ఉంది. మొదటి మనిషిని ఉత్త చేతులతో పంపరు. నష్టానికైనా ఇస్తారు, ఏమీ కాకుంటే ఒక వాచీ పట్టీ అయినా చేతిలో పెట్టి బేరం చేశామనిపిస్తారు. అలాంటిది బేరానికి వచ్చిన మనిషిని సొంత కోడలే వద్దని పంపింది. ఓంప్రకాశ్ అప్పటికేమీ అనలేదు. ఆయన అరిస్తే భయం లేదు, అరవకపోతేనే భయం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడ్డాడు. అత్తగారు ప్రేమలత పప్పు వడ్డిస్తోంది. భానుచందర్ కంచంలో తల దూర్చాడు.

"రేపటి సంది నువ్వు దుకాణంలకు రావద్దు" అన్నాడు ఓంప్రకాశ్, కోడలి వైపు చూడకుండా.

"నేను అబద్ధం చెప్పిన్నా మామయ్యా?"

"నిజమే చెప్పినవ్. ఎవరు చెప్పమన్నరు? అడుగని నిజాలు చెప్పుకుంట కూసుంటె యాపారం నడుస్తదా? దడ్వాయి బిడ్డవు, నీకు తూకం ఎరుక గని యాపారం ఏమెరుక?"

సుకన్య తండ్రి కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేసే దడ్వాయి. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తేసరికి ఆమె ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"అవును, దడ్వాయి బిడ్డనే. మా నాయిన ముల్లు ఎటు చూపిస్తే అటే చెప్పెటోడు. రైతుకు కోపమొచ్చేది, సేటుకు కోపమొచ్చేది. అయినా ఇద్దరూ ఆయన్నే పిలుచుకునేటోళ్లు. నేను గూడ గంతే."

"పిల్లా, ఊకో" అంది ప్రేమలత.

"ఊకోను అత్తమ్మా. మామయ్య యాపారం చెడగొట్టాలని నాకెందుకుంటది? ఆ ఫోను పొద్దుందాక ఆగదు. కాదంటె మామయ్యనే ఒక్క రోజు వాడి చూడమనుండ్రి." ఆమె ఓంప్రకాశ్ వైపు తిరిగింది. "మీ సిమ్ము అండ్ల ఏసుకోండ్రి. షట్టర్ లేపినప్పుడు నిండ చార్జింగ్ పెట్టుండ్రి. మల్ల మాపటికి దుకాణంల దీపం పెట్టేదాక పెట్టద్దు. అప్పటిదాక ఫోను బతికుంటె నేను మల్ల గల్లా కాడ కూసోను. సచ్చిపోతె, కొనెటోళ్లకు ఉన్నదున్నట్టు చెప్త, మీరు ఆపద్దు."

మామతో పందెం కాసిన కోడలు ఆ వంశంలో అంతవరకు లేదు. భానుచందర్‌కు పొలమారింది.

"కానియ్, రేపే" అన్నాడు ఓంప్రకాశ్.

గదిలోకి వెళ్ళాక భర్త మెల్లగా గొణిగాడు. "ఎందుకే ఈ లొల్లి? ఒక్కసారి తప్పయిందంటె అయిపోతుండె."

"అంట. తప్పు చేసిననాడు అంట" అంది సుకన్య.

అందే గాని ఆమెకు లోలోపల భయంగానే ఉంది. గల్లా దగ్గరి ఆ కుర్చీ ఆమెకు ఉత్త కుర్చీ కాదు. పెళ్ళయిన మొదటి ఏడాదంతా వంటింటి కిటికీలోంచి చౌరస్తా చూస్తూ గడిపింది. తర్వాత ఒక పెళ్ళిళ్ళ సీజనులో రద్దీకి తట్టుకోలేక మామగారే దుకాణంలోకి పిలిచాడు. ఇప్పుడు పరకాల నుంచి వచ్చేవాళ్ళు కూడా "సుకన్యమ్మ ఉన్నదా?" అని అడిగి లోపలికి వస్తారు. రేపు ఓడిపోతే మళ్ళీ ఆ కిటికీయే గతి. అయినా పందెం వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఫోను నిండుగా నూరు చూపించింది. ఓంప్రకాశ్ దాన్ని పై జేబులో పెట్టుకుని పెళ్ళికొడుకులా తిరిగాడు. డిస్ట్రిబ్యూటరు వీడియో కాల్ చేసి అరగంట మాట్లాడాడు. కాలేజీ పిల్లలు కెమెరా చూస్తామని తీసుకుని ఇరవై ఫొటోలు తీశారు. వాళ్ళలో ఒకడు, "రెండు నెలలైతే దీని తర్వాత మోడల్ వస్తదట అంకుల్, బ్యాటరీ పెద్దగుంటదట, ఆగమంటరా?" అని కూడా అడిగాడు. వచ్చేది ఎప్పుడూ ఉన్నదానికంటే మంచిదే కదా. ఓంప్రకాశ్ వాడి చేతిలోంచి ఫోను తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పదకొండుకు డెబ్బై, పన్నెండున్నరకు యాభై. కోడలు ఓరకంట చూస్తోందని తెలిసి ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఒంటిగంటకు తల నొస్తోందని పైకి వెళ్ళి పడుకున్నాడు. ఐదింటికి దిగివచ్చాడు. ఆరున్నరకు ప్రేమలత దీపం పెట్టడానికి నూనె తీసుకుని వచ్చింది. వత్తి వెలిగించగానే ఓంప్రకాశ్ ఫోను తీసి గల్లా మీద పెట్టాడు.

ఇరవై మూడు.

"బతికే ఉన్నది" అన్నాడు. ఎందుకో గొంతులో గెలిచిన సంబరం లేదు.

సుకన్య ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. ఆదివారం మూడున్నరకే చచ్చిన ఫోను ఇది. కాని ఎదురుగా ఉన్నది మామయ్య. కోపిష్ఠి అవునేమో గాని, ఈ మూడేళ్ళలో ఇంట్లో ఒక్క అబద్ధం ఆడగా ఆమె చూడలేదు. మోసం జరిగి ఉంటుందన్న ఆలోచన ఆమెకు రానే లేదు.

"అయితే నేనే సరిగ్గ చూడలేదేమో మామయ్యా. మీరు గెల్చిండ్రు" అంది. గల్లా తాళంచెవి నడుములోంచి తీసి బల్ల మీద పెట్టింది. "పరకాల పంతులుగారి ఫోనుకు కొత్త అద్దం ఏసిపెట్టిన, రెండో అరల ఉన్నది. రేపొస్తడు."

కళ్ళలో నీళ్ళు వచ్చాయి గాని తల దించలేదు. బుకింగు పుస్తకం తెరిచి, సగం రాసి ఆపేసిన నిన్నటి వరుసలో వేలు పెట్టి, తన ఫోనులో నంబరు నొక్కసాగింది.

"ఎవరికే?" అన్నాడు భానుచందర్.

"యాకమ్మక్కకు. నా మాట నమ్మి ఎల్లిపోయింది గద. నేను చెప్పింది తప్పని తేలినంక, తప్పయింది, సన్నదే తీసుకో అని చెప్పాలె. లేకుంటె ఆమెకు అన్యాయం చేసినట్టయితది."

అవతల రింగు పోతోంది. ఆ చిన్న శబ్దం దుకాణమంతా వినిపించింది.

"ఆపు" అన్నాడు ఓంప్రకాశ్.

సుకన్య తలెత్తింది.

"ఆపు బిడ్డా. ఫోన్ పెట్టెయ్." ఆయన గల్లా మీది సన్నఫోనును పక్కకు నెట్టాడు. "నేను బంద్ పెట్టిన. పైకి పోయి ఫోను బంద్ పెట్టుకోని కూసున్న. ఒకటింటి సంది ఐదింటిదాక."

సుకన్య వేలు దానంతటదే కాల్ కట్ చేసింది.

"నీ ముందట ఓడిపోతె ఎట్లా అనుకున్న. కోడలి ముందట, కొడుకు ముందట" అన్నాడాయన. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "కొట్లాడుతవనుకున్న. ఇది దొంగ లెక్క అంటవనుకున్న. అంటె కసురుదామని చూసిన. నువ్వేమో నన్ను నమ్మి, నా అబద్ధం తీస్కపోయి ఆ యాకమ్మకు చెప్పవడితివి. ఆ నలబై మంది..." మాట తెగిపోయింది. "ఈ పుస్తకంలున్నోళ్లు గూడ గట్లనే నన్ను నమ్మి రాయించుకున్నరు గద."

ఆ ఇంట్లో పెద్దమనిషి ఏడవడం భానుచందర్ అంతవరకు చూడలేదు. ఏం చేయాలో తోచక మంచినీళ్ళు తెచ్చాడు.

ప్రేమలత మాత్రం వత్తి ఎగదోస్తూ నింపాదిగా అంది. "నేను చూసిన. మీరు నిద్రపోలే. ఫోను చేతుల వట్టుకోని గోడ దిక్కు చూసుకుంట కూసున్నరు."

"చూసి గూడ ఎందుకు చెప్పలే?"

"మీరే చెప్తరని ఆగిన."

సుకన్య బల్ల మీది తాళంచెవి వైపు చూసింది. ఇప్పుడు ఆయన తీసి ఇస్తాడేమో, అప్పుడు తీసుకోవచ్చు అని ఒక్క క్షణం అనుకుంది. మళ్ళీ అంతలోనే ఆమెకు రోషం వచ్చింది. ఇచ్చేదాకా ఆగడమెందుకు? తనే తీసి నడుములో దోపుకుంది.

"రేపు నేను గల్లా కాడ కూసుంట మామయ్యా. అడుగుతలేను, చెప్తాన."

"కూసో" అన్నాడాయన.

"మందం ఫోను గురించి గూడ చెప్త."

"చెప్పు. గని రేపటిదాక ఎందుకు?" ఓంప్రకాశ్ ముఖం కడుక్కుని వచ్చి, బుకింగు పుస్తకం ఆమె ముందుకు జరిపి, ఆమె ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "మొదటి సంది చదువు."

ఆమె పేరు, నంబరు చదివింది. ఆయన కలిపాడు.

"నేను ఓంప్రకాశ్‌ను మాట్లాడుతాన. మీరు రాయించిన ఫోను చూసేటందుకు బాగుంటది, అండ్ల అబద్ధం లేదు. గని గట్టిగ వాడితె చార్జింగ్ పగటి మూడున్నర దాటదు. నేను ముందే చెప్పాల్సిండె, చెప్పలే. తీసుకుంటరా, వద్దా, మీ ఇష్టం."

మొదటాయన నవ్వి, మా పిల్లగానికి సోకే కావాలె, ఉండనియ్ అన్నాడు. రెండో ఆయన ఏదో గట్టిగా అన్నాడు, ఏమన్నాడో సుకన్యకు వినపడలేదు. ఓంప్రకాశ్ మారు మాట్లాడకుండా విన్నాడు, "సరే, తప్పు నాదే" అన్నాడు, ఆ పేరు కొట్టేశాడు. మూడో పేరూ కొట్టేశాడు. నాలుగోదీ. ఒక్కో గీత గీసినప్పుడల్లా చౌరస్తాలో కట్టబోయే బ్యానరు ఆయన కళ్ళముందు జారిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ఫోను కింద పెట్టలేదు.

"చాలు మామయ్యా, మిగిలినయి రేపు చేద్దాం" అంది, ఇక చూడలేక.

ఓంప్రకాశ్ కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు.

"అయిదోది చదువు బిడ్డా" అన్నాడు.

సుకన్య చదివింది.