ముప్పయ్యారు పాయింట్ల గాలి

కొలబద్దను ట్యాంకులోంచి పైకి తీసి చూసి నాగేంద్ర పెదవి విరిచాడు. నిన్న తడిసిన గీతకీ ఇవాళ తడిసిన గీతకీ వేలెడు తేడా లేదు. హిందీ మాట్లాడే ఊళ్ళో, మంగ్లా అనే పేటలో ఉన్న ఆ పెట్రోలు బంకుకు అతను మేనేజరు. ఆటోలన్నీ బ్యాటరీ రిక్షాలైపోయాక బంకు ముందు పావురాలే బారు కడుతున్నాయి.

అలాంటి పొద్దున, చప్పుడన్నది లేకుండా ఒక తెల్ల ఎలక్ట్రిక్ స్కూటరు వచ్చి సరిగ్గా గాలి మిషను ముందు ఆగింది.

"భయ్యా, హవా," అంది అమ్మాయి. ఆ వెంటనే ఫోన్లో, "ఆఁ నాన్నా, ఆఫీసుకే పోతున్న," అంది.

తెలుగు చెవిన పడేసరికి నాగేంద్ర నోరు ఊరుకోలేదు.

"చుక్క పెట్రోలు కొనరు. గాలికి మాత్రం మా బంకే కావాలా అండీ?"

"గాలి ఫ్రీ అని మీరే బోర్డు పెట్టిన్రు కదా."

"అది మా కస్టమర్లకి."

"అట్లని బోర్డు మీద రాయలే. హిందీ నాకూ చదవొస్తది."

నాగేంద్రకు మాట తడబడ్డం అదే మొదలు. పనివాడి చేతిలోంచి గొట్టం లాక్కుని తనే వంగి పట్టాడు. వెనక చక్రంలో ఇరవై పాయింట్లే ఉంది. ముప్పయ్యారుకు నింపాడు.

మర్నాడు మళ్ళీ ఎనిమిదింబావుకు అదే స్కూటరు, అదే చక్రం, అదే ఇరవై. ఆ మర్నాడూ అంతే. పేరు శ్రీనిధి అనీ, ఇల్లు నెహ్రూ నగర్ అనీ, తండ్రి విశ్వనాథం బొగ్గు కంపెనీలో ఆఫీసరనీ గాలితో పాటే ఒక్కొక్కటీ తెలిసొచ్చాయి.

"పొగ రాదని మురిసిపోకండి," అన్నాడొకనాడు. "మీ బండి తాగే కరెంటు కోర్బాలో బొగ్గు కాల్చి తీసిందే. పొగ అక్కడ వదిలి ఇక్కడ షోకు చేస్తున్నారు."

"తెలుసు. మా ఇంట్ల తినే అన్నం ఆ బొగ్గుదే. రేపు కరెంటు ఎండలోంచి కూడా వస్తది. మీ పెట్రోలు వస్తదా?"

"అచ్ఛా. లోకమంతా చమురు వాడకం తగ్గితే ధర పడిపోతుంది. ధర పడితే జనం మళ్ళీ మా గుమ్మానికే వస్తారు."

"కొందరొస్తరు. కరెంటు బండి కొన్నోడు, చవగ్గా ఉందని పెట్రోలు దేంట్ల పోస్కుంటడు? తలకా?"

నవ్వు ఆపుకోబోయి పొలమారింది నాగేంద్రకు. ఆమే నీళ్ళ సీసా అందించింది.

చక్రం సంగతే అంతుపట్టలేదు. సబ్బునురుగు రాసి చూశాడు, బుడగ రాలేదు. వాల్వు పిన్ను కొత్తది వేశాడు. పంక్చర్ల అమ్మన్న దగ్గరికి రెండుసార్లు పంపాడు. "చిల్లు లేదు నాగేంద్రా, నీ బుర్రకే ఉంది," అన్నాడు అమ్మన్న. తూము లేని చెరువులో రోజూ నీళ్ళు తగ్గిపోతున్నట్టుంది వ్యవహారం.

ఒక శుక్రవారం బంకు యజమాని రాజేంద్ర సేఠ్ కబురు పంపాడు. బంకు తీసేసి అక్కడ పెళ్ళిళ్ళ హాలు కట్టాలని ఆయన ఆలోచన. అదే జరిగితే నాగేంద్రతో పాటు ఆరుగురు పనివాళ్ళు రోడ్డున పడతారు. నాగేంద్ర సేఠ్ ఆఫీసుకు వెళ్ళేసరికి లోపల కుర్చీలో ఫైలు పట్టుకుని శ్రీనిధి కూర్చుని ఉంది.

"బంకు ఉంచాలో తీసెయ్యాలో వీళ్ళ కంపెనీయే రిపోర్టు ఇస్తుంది," అన్నాడు సేఠ్.

బయటికి వచ్చాక నాగేంద్ర ఆమె మొహం చూడలేదు.

"గాలికొస్తున్నారనుకున్నాను. మా బంకుకొచ్చే బళ్ళు లెక్కపెట్టడానికా?"

"ముందే చెప్పకపోవుడు నా తప్పే. కానీ లెక్క మూడు రోజులే, నాగేంద్ర గారూ."

"మరి మిగతా ఇరవై రోజులూ?"

ఆమె హెల్మెట్టు తగిలించుకుంది. "గాలి పట్టేటోళ్ళు మీరు. మీకే తెలవాలె," అని బండెక్కింది.

శనివారం ఎనిమిదింబావు అయింది, ఎనిమిదిన్నరా అయింది. గాలి మిషను దగ్గర పావురాలే తిరుగుతున్నాయి.

ఆ సాయంత్రం రాజ్‌కిశోర్ నగర్ ఇంట్లో తండ్రి చిన్నారావు కొడుకు వాలకం కనిపెట్టాడు. ముప్పయ్యేళ్ళు రైలింజను నడిపి రిటైరైన మనిషి.

"ఏటిరా, సిగ్నలు పడని గూడ్సు బండిలాగ కూకున్నావు?"

నాగేంద్ర అంతా చెప్పాడు. హాలు, రిపోర్టు, ఇరవై పాయింట్ల చక్రం.

"బంకు గురించి బెంగెట్టుకోకు. బొగ్గింజన్లు పోయినపుడు మా అయ్య పోలయ్య బొగ్గేసే పార పట్టుకుని ఏడ్సినాడు. ఆ తరవాతొచ్చిన కరెంటింజనే మనింటికి కూడెట్టింది. సక్రం సంగతి సెప్పు. బ్రేకు పైపులో గాలి పడిపోతే డ్రైవరు ముందేటి ఎతుకుతాడు?"

"లీకు."

"లీకు లేదు. అపుడేటి?"

చిన్నప్పట్నుంచీ అన్నంతో పాటు తిన్న పాఠమది. "ఎవరో చైను లాగి గాలి వదిలారు," అన్నాడు నాగేంద్ర.

"ఎందుకు లాగుతారు?"

"అక్కడ దిగాలని..." నాగేంద్ర మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఇరవై రోజులు లాగిందిరా ఆ గుంట. నువ్వు సబ్బునురుగు రాసుకుంటన్నావు. డ్రైవరు కొడుకువేనా?"

ఆదివారం పొద్దున సన్నగా వాన పడుతోంది. నెహ్రూ నగర్ మలుపులో నాగేంద్ర తన పెట్రోలు బైకు ఆపి, వెనక చక్రం వాల్వు పిన్ను నొక్కి గాలి వదిలేశాడు. బండిని తోసుకుంటూ విశ్వనాథం గారి గేటు ముందు నిలబడ్డాడు.

"టైరు దిగిపోయిందండీ. మీ ఇంట్లో గాలి పంపు ఉంటుందా?"

పెద్దాయన పాపమని లోపలికి వెళ్ళాడు. గొంతు గుర్తుపట్టి శ్రీనిధి వరండాలోకి వచ్చింది.

"బంకు మేనేజరుకు గాలి కరువైందా?"

"మీరు ఇరవై రోజులు చైను లాగారు. నాకు అర్థమయ్యేసరికి బండి స్టేషను దాటిపోయింది. ఇవాళ నేను లాగాను. ఆగుతారా?"

ఆమె చున్నీ కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"రిపోర్టుల ఏం రాసిన్నో అడగరా?"

"అది అడగడానికి రాలేదు."

"అందుకే చెప్తున్న. పెట్రోలుకొచ్చినోడు మూడు నిమిషాలు ఆగుతడు. ఛార్జింగుకొచ్చినోడు ముప్పావుగంట కూసుంటడు. అంతసేపు మనిషిని కూసోబెట్టే మాటకారి ఉన్న బంకే రేపు నిలుస్తది. రెండు పెట్రోలు పంపులు ఉంచి, నాలుగు ఛార్జర్లు పెట్టమన్న. నిన్న సేఠ్ ఒప్పుకున్నడు."

"మాటకారి అని నా పేరు రాశారా?"

"రాస్తే నా రిపోర్టు ఎవరు నమ్ముతరు?"

విశ్వనాథం కాలి పంపు తెచ్చి నాలుగు తొక్కులు తొక్కాడు. చక్రం కాస్త బిగిసింది. ఆయన వంగి తడిమి చూశాడు.

"పంక్చరేం లేదు బాబూ. ఎవరో కావాలని గాలి తీసినట్టుంది."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె చెవులు మందారాలయ్యాయి. గేటు పక్కనున్న తెల్ల స్కూటరు వైపు చూశాడు.

"రోజూ పొద్దుగాల గేటు కాడ వంగి నువ్వు చేసే పని ఇదేనా బిడ్డా?"

శ్రీనిధి తల దించుకుంది. నవ్వు మాత్రం దించలేకపోయింది.

విశ్వనాథం కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పంపు మీంచి కాలు తీసేశాడు.

"మిగతా గాలి తర్వాత కొడదాంలే బాబూ, తొందరేమున్నది. తడుస్తున్నవ్, లోపలికి రా. మీ ఇంట్ల పెద్దోళ్ళు ఎవరెవరున్నరో చాయ్ తాగుకుంట చెప్దువు."