మూతల మీద పేర్లు

"మళ్ళీ తేడా కొట్టింది," అంది అమ్మ, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. తిట్టినా బాగుండేదని తిల్డాకు అనిపించింది.

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో వేసవి సెలవులు. బడి లేదు కానీ అమ్మకు ల్యాబ్ ఉంది. పదేళ్ళ తిల్డా రోజూ అక్కడే ఓ మూల స్టూలు మీద కూర్చుని విసిగిపోతోంది.

"ఏమైందమ్మా?"

"నాచు ముందు సన్నటి దారాల్లా పాకుతుందా? తర్వాత మొగ్గలేస్తుంది. ఒక బుల్లి ఆర్ఎన్ఏ ఉంది, అది ఓ జీన్‌ని 'నువ్వు కాసేపు ఊరుకో' అంటేనే మొగ్గలు బాగా వస్తాయి. అది తీసేసిన నాచులో తక్కువ రావాలి. ఇక్కడేమో ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో బోలెడు. మూడు నెలల పని పోయినట్టే."

అమ్మ నోట్‌బుక్కులో 'ఈ ఆర్ఎన్ఏతో తేడా ఏమీ లేదు' అని రాసేసింది. తిల్డా చూపు బల్ల మీద నాచు పెంచుతున్న ఆరు డిష్‌ల మీదకు పోయింది.

ఏ డిష్‌లో ఏ నాచుందో ఆ పేరు ఎప్పుడూ డిష్ అడుగున రాయాలి. ఈసారి ఆ పని చేసిన తిల్డా మాత్రం పైకి కనబడాలని మూతల మీద రంగురంగుల పెన్నులతో రాసింది. అమ్మ చూసి, తిరగరాయించే ఓపిక లేక, "సర్లే, మూతలు మాత్రం తీయకు," అంది. నిన్న మూతల లోపల నీటి ఆవిరి పట్టి నాచు కనబడలేదు. తిల్డా ఆరు మూతలూ తీసి తుడిచింది. ఏ మూత దేనిదో గుర్తులేక తోచినట్టు పెట్టేసింది.

"అమ్మా... మూతలు తీశాను. కలిసిపోయాయి."

అమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

"ఆరింటికీ పరీక్ష చేస్తే ఏది ఏదో తెలుస్తుందిలే. రెండు రోజులు పడుతుంది," అంది చివరికి.

నోట్‌బుక్కులో రాసింది చెరపమని తిల్డా గబగబా వైట్‌నర్ అందించింది.

"ఈ పుస్తకంలో ఏదీ చెరపకూడదే. గీత కొట్టి, ఏం జరిగిందో రాసి, సంతకం పెట్టాలి."

అమ్మ ఆ వాక్యం మీద గీత కొట్టింది. కింద 'పేర్లు మూతల మీద ఉన్నాయని తెలిసీ ఊరుకున్నాను' అని రాసి సంతకం పెట్టింది.

తిల్డా ఆ అక్షరాలు చదివి చెయ్యి చాపింది.

"పెన్ను నాకూ ఇవ్వమ్మా."

'మూతలు కలిపేసింది నేను' అని రాసింది. అమ్మ పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఇంకో మాట చేర్చింది: 'నిన్ననే తెలుసు, చెప్పలేదు.' దాని కింద తన పూర్తి పేరు రాసింది.