భుజం మీద ఊరు

రాగికొండ రాజ్యంలో కాలి కింద నేలను నమ్మలేని రోజులు వచ్చాయి. కొండ కింది రాగి గనులను మూసేసి ఏడాది తిరిగేసరికి వాటినిండా నీరు చేరి, ఊళ్ళోని బావుల్లోకి ఎర్రగా పొంగింది. రాజు మణిధరుడు ఏనుగులను కట్టి ఆ నీటిని తోడించాడు. తోడినకొద్దీ వీధులు కుంగసాగాయి. రాజుగారి తెలివి అలా తెల్లారింది.

గని మేస్త్రీ కూతురు అంకమ్మకు మరో దిగులు కూడా ఉంది. గని మూసిన రోజున ఆమె తండ్రి వీరన్న పైకి రాలేదు. ఆయన వాడే ఇనుపకర్ర పట్టుకుని ఆమె గనిలోకి దిగింది.

నీటి అంచున బండంత తెల్లని తాబేలు కదిలింది.

"మీ నాన్నను వెతకడానికేగా వచ్చావు, నా వీపెక్కు. నీళ్ళలోనూ నీకు ఊపిరాడుతుంది. కాని నాకు చూపు లేదు తల్లీ. పైకప్పు ఎక్కడ గట్టిదో నువ్వే చెప్పాలి," అంది.

"కర్రతో తడితే తెలుస్తుంది. ఖంగుమంటే గట్టిది, బోలుగా పలికితే కూలేది. మా నాన్న నేర్పాడు," అంది అంకమ్మ.

మొదటి సొరంగం బోలుగా పలికింది. రెండోదీ అంతే. మూడోది ఖంగుమంది. అటు వెళ్ళేసరికి కోటంత గుహ, దాని గోడలనిండా నెమలిపింఛం రంగు వెలుగు. నడుమ కొండను భుజాన మోస్తూ, సగం రాయైపోయిన మనిషి. ఆ మనిషి వీరన్నే.

"ఎందుకొచ్చావే అమ్మా?" అన్నాడాయన. "రాజాజ్ఞ కదా అని, కొండను మోసే రాతిస్తంభాలను కూడా తవ్వేశాను. వాటి బదులు నన్నే నిలబడమని కొండదేవత శపించింది. సగం బరువు ఈ నీరే మోస్తోంది. దీన్ని తోడేస్తే నేను ఆగలేను, ఊరూ ఆగదు."

అంకమ్మ ఆయన దగ్గరగా వెళ్ళింది. "శాపం తీరేదెలా నాన్నా?"

"తవ్విన చోటల్లా ఏటి ఇసుకతో నింపాలి. పొంగే నీటికి కొండ పక్కన కాలువ తీస్తే బావుల జోలికి రాదు."

తాబేలు ఆమెను పైకి చేర్చింది. ఆమె మాట విని రాజు నవ్వాడు. అంకమ్మ సింహాసనం ముందు నేలను కర్రతో తట్టింది. బోలుగా పలికింది. నవ్వు ఆగిపోయింది. ఆ పూటే ఏనుగులు తోడడం మాని ఇసుక మోయసాగాయి, కొండ పక్కన కాలువ తవ్వకమూ మొదలైంది.

ఆరు నెలలకు బావులు తేటపడ్డాయి. ఇసుక పేరుకుని కొండ బరువును అందుకున్న రోజున శాపం తీరి, వీరన్న తాబేలు వీపు మీద పైకి వచ్చాడు. ఊరంతా ఆనందంతో ఏడ్చింది. ఇకపై అంకమ్మ తట్టి చూసి సరేనంటేనే ఆ రాజ్యంలో ఎవరైనా నేల తవ్వాలని రాజు చాటింపు వేయించాడు.

ఇంటికి చేరాక వీరన్న గడపలోనే ఆగి, అలవాటుగా భుజమెత్తి ద్వారబంధానికి ఆనించాడు. అంకమ్మ కర్రతో పైన తట్టి చూసింది.

"గట్టిగానే ఉంది నాన్నా. ఇక దించు."

ఆయన భుజం దించి, అన్నానికి కూర్చున్నాడు.