దీపం కింద మీటరు

“మొక్కలు పోతే మళ్ళీ పెంచుకుంటానండీ. ఇల్లు రెండు ముక్కలైతే ఏం చెయ్యను?”

డిటెక్టివ్ ముందు కూర్చుని అడిగింది ఆవిడ. ఇంట్లో ఒక గది నిండా ఆర్కిడ్లు పెంచుతోంది. ఈమధ్య అవి మొదళ్ళ దగ్గర కుళ్ళిపోతున్నాయి. గదిలో వేడి, తేమ కొలిచే మీటరు మాత్రం రెండూ సరిగ్గానే ఉన్నాయంటోంది. నీళ్ళు పోసేది మరిది. వాడే చంపుతున్నాడని ఆవిడ భర్త అనుమానం. తమ్ముణ్ణి సాయంత్రంలోగా ఇల్లు వదిలి పొమ్మన్నాడు.

డిటెక్టివ్, అసిస్టెంటు వెళ్ళేసరికి గుమ్మం పక్కన సర్దిన బ్యాగు ఉంది. ఆవిడ మామగారు డిటెక్టివ్ ఇచ్చిన కార్డును తలకిందులుగా పట్టుకుని చూసి, “చాలా సంతోషం బాబూ” అన్నాడు. అసిస్టెంటుకు నవ్వొచ్చింది. గురువుగారు నవ్వకపోయేసరికి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

మొక్కల గదిలో అడుగు పెడితే ఒళ్ళు జిల్లుమంది. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. తేమ యంత్రం ఆగకుండా పొగమంచు కక్కుతోంది. హీటరు చల్లగా పడి ఉంది. గోడకున్న మేకు ఖాళీ. మీటరు మొక్కల పైనున్న పెద్ద దీపం కింద తాడుకు వేలాడుతోంది.

“దీన్నెవరు మార్చారు?”

“తెలీదండీ. అంకెలు బాగానే ఉన్నాయిగా అని పట్టించుకోలేదు. పగలు నేను ఆఫీసులో ఉంటే మామయ్యగారే చూసి ఫోన్లో చెప్తారు.”

డిటెక్టివ్ మరిది వైపు తిరిగాడు. “నువ్వా మార్చింది?”

“నన్నేమీ అడక్కండి సార్.”

“చూశారా, నోరు పెగలట్లేదు!” అన్నాడు వెనకే వచ్చిన అతని అన్న.

అసిస్టెంటు కూడా కేసు తేలిపోయిందనే అనుకున్నాడు, పాపం. డిటెక్టివ్ పెద్దాయన్ని కూడా గదిలోకి పిలిపించాడు.

“ఈ హీటరు, తేమ యంత్రం మీటరు చెప్పినట్టు నడుస్తాయి. మీటరు వేడి దీపం కిందుంది. అక్కడి గాలి వేడిగా, పొడిగా ఉంటుంది. గదంతా అలాగే ఉందనుకుని అది హీటరు ఆపేసింది, దీపం కింద తేమ అంకె సరిపోయేలా తేమ యంత్రాన్ని తిప్పుతూనే ఉంది. చలి, తడి కలిసి మొక్కల్ని కుళ్ళబెట్టాయి.” ఆయన గొంతు తగ్గించాడు. “కుట్ర ఏమీ లేదు. గోడ దగ్గర చీకటి. అంకెలు కనపడని మనిషి దాన్ని వెలుతురులోకి తెచ్చుకున్నాడు. నా కార్డు కూడా తలకిందులుగానే చూశాడు.”

పెద్దాయన తల వంచుకున్నాడు. “కళ్ళు పోతున్నాయంటే నన్నింక ఏ పనీ చెయ్యనివ్వరని భయమేసిందమ్మా. మీటరు మారుస్తుంటే చిన్నాడు చూశాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. దానికి వాణ్ణి ఇంట్లోంచి గెంటేస్తారని అనుకోలేదు.”

అన్న ముఖం పాలిపోయింది. వెళ్ళి తమ్ముడి బ్యాగు లోపలికి తెచ్చాడు.

కోడలు మీటరు విప్పి గోడకు తగిలించింది. మామగారి చెయ్యి పట్టుకుని ఒక ఆకు మీద పెట్టింది.

“రేపట్నుంచి అంకెలు మీ చిన్నబ్బాయి చెప్తాడు మామయ్యా. ఇది మీరు చెప్పండి. ఎలా ఉంది?”

ఆయన ఆకును తడిమాడు. కళ్ళనిండా నీళ్ళు.

“బాగా చల్లగా ఉందమ్మా. తడి కూడా.”

మరిది వెళ్ళి తేమ యంత్రం ఆపేశాడు.