పచ్చగా వెలిగే పోగు

"నువ్వు చివరిసారి భయపడింది ఎప్పుడు, కురుమూర్తీ?"

"గుర్తు లేదు, సార్."

"సంతోషపడింది?"

"అదీ గుర్తు లేదు."

"మంచిది. కూర్చో." చీఫ్ సీతారాములు ఫైలు తెరిచాడు. హైదరాబాదులో ఆ ఆఫీసుకి బోర్డు లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ తిరగదు. దేశ రహస్యాలు కాపాడే చోటు అంటే ఇంకేదో ఊహించుకుంటారు జనం, పాపం.

కురుమూర్తి కూర్చున్నాడు. నలభై రెండేళ్ళు. శాఖలో అతనికి పెట్టిన పేరు మొద్దు మనిషి. అలా పుట్టలేదు లెండి. రెండేళ్ళ కిందట భార్య టీబీతో పోయింది. ఏ మందుకు లొంగుతుందో తేల్చే టెస్టుకి ఆరు వారాలు పడుతుందన్నారు డాక్టర్లు. ఆమె నాలుగు వారాలే ఉంది. "ఈ మందు పనిచేయదు, మార్చండి" అన్న రిపోర్టు ఆమె పోయిన పదకొండో రోజున వచ్చింది. ఆ రోజు మొదలు అతనికి ఏదీ తగలడం మానేసింది. కూరలో ఉప్పు లేకపోయినా తినేస్తాడు. పిస్తోలు ఎదురుగా ఉన్నా అంతే.

"డాక్టర్ ఆశీర్వాదం అని ఒక సైంటిస్టు," అన్నాడు చీఫ్. "సముద్రంలో ఒక రకం జెల్లీ చేప ఉంటుంది. దాని ఒంట్లో పచ్చగా వెలిగే ప్రోటీన్ ఉంది. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువుని ఈయన టీబీ క్రిమిలోకి ఎక్కించాడు. క్రిమి పచ్చగా వెలుగుతుంది. రోగి కణాన్ని చంపకుండా, కోయకుండా, మైక్రోస్కోప్ కింద బతికుండగానే చూడొచ్చు. మందు వేస్తే క్రిమి చచ్చిందా, వెలుగు ఆరిపోతుంది. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఎంతసేపు పడుతుందో తెలుసా?"

కురుమూర్తి తిరగని ఫ్యాను వైపు చూశాడు.

"ఆరు గంటలు," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తల ఎత్తకుండా. అతనికీ ఆ పదకొండు రోజుల సంగతి తెలుసు. "ఆ జన్యువు పోయింది. ఫ్రీజర్లో ఉన్న గొట్టాలన్నిటిలో ఇప్పుడు నీళ్ళున్నాయి. ఇంకో కాపీ లేదు. మళ్ళీ చేయాలంటే మూడేళ్ళు. ఈలోపు క్రేమర్ అనేవాడి విదేశీ ముఠా దాన్ని తమ పేరు మీద పేటెంట్ చేయించి, ఎవరికీ దొరక్కుండా తాళం వేస్తుంది."

"దొంగ ఎవరు?"

"దొంగతనం జరిగిందని మనకి చెప్పిందే ఆ దొంగ. లేబులో మన ఇన్ఫార్మర్, కోడ్ నేమ్ మిణుగురు. అసలు పేరు చంద్రకళ. మైక్రోస్కోప్ స్పెషలిస్టు, మహా అందగత్తె. మన దగ్గరా జీతం, క్రేమర్ దగ్గరా జీతం. క్రేమర్ ఫోన్ టాప్ చేశాం. చీర మంగళవారం అందుతుంది అన్నాడు. వాడు చేనేత ఎక్స్‌పోర్టర్ వేషంలో తిరుగుతున్నాడు. ఆ అమ్మాయిది గద్వాల. తండ్రి బాలకిష్టయ్య, నేతగాడు."

"జన్యువు చీరలోనా?"

"ద్రావణంలో ముంచి ఆరబెట్టిన ఒక్క నూలు పోగులో. అదీ ఆ ఫోన్లోనే విన్నాం. ఎయిర్‌పోర్టులో పెన్నులు విప్పుతారు, చెప్పుల మడమలు కోస్తారు. చీర విప్పి పోగులెవరు లెక్కపెడతారు? కొన్నవాడికి దొరకాలి కాబట్టి ఆ పోగుకి పచ్చ ప్రోటీన్ కూడా పూసింది. ఈ లైటు కింద వెలుగుతుంది." చీఫ్ బల్ల మీద నల్లటి టార్చి పెట్టాడు. "ఒక్కటి గుర్తుంచుకో. తడి తగిలితే జన్యువు కరిగిపోతుంది. పోగు పొడిగా తేవాలి."

కురుమూర్తికి ఏమీ అనిపించలేదు. అనిపించాలని మాత్రం తెలిసింది.

1996 డిసెంబరు పది, మంగళవారం. పొద్దున పది గంటలకు గద్వాల బస్టాండులో ఒక పాత జరీ సేటు దిగాడు. భుజాన సంచి, చెవిలో అత్తరు దూది, నోట్లో కిళ్ళీ. వీధి వీధీ తిరిగి చిరిగిన పట్టుచీరల జరీ కొనేవాళ్ళని ఆ ఊళ్ళో ఎవరూ రెండోసారి చూడరు. కురుమూర్తి వేషానికి అంతకంటే ఏం కావాలి.

సైకిల్ షాపు బుచ్చన్న పంక్చరు వేస్తున్నాడు. శాఖకి గద్వాలలో ఉన్న ఏకైక మనిషి.

"గట్టు దిక్కు వాన పడ్డదా?" అన్నాడు సేటు.

"పెద్దమందడి దాక పడ్డది," అన్నాడు బుచ్చన్న తల ఎత్తకుండా.

ఆ ఏడు గట్టు, పెద్దమందడి రెండు ఊళ్ళలోనూ చుక్క రాలలేదు. అందుకే ఆ కోడ్ పెట్టారు. నిజం తెలిసినవాడెవడూ పొరపాటున కూడా ఆ జవాబు చెప్పడు.

"తెల్లోడు దిగిండు సార్," గొంతు తగ్గించాడు బుచ్చన్న. "వనపర్తి రోడ్డు మీద అంబాసిడర్ల కూసున్నడు. జర పరేషాన్ల ఉన్నడు. చీర ఇయ్యాల రాదంట."

"ఎందుకు?"

"అమాస గద సార్! అమాసనాడు మగ్గం ముట్టరు. కత్తెర పెట్టి చీర కొయ్యమంటె బాలకిష్టయ్య కొడ్తడు."

నేతింట్లో పుట్టిన పిల్ల ముహూర్తం పెట్టుకుంది, అమావాస్య చూసుకోలేదు. పదేళ్ళు పట్నంలో ఉంటే క్యాలెండర్లో అంకెలే కనిపిస్తాయి మరి. ఆ ఒక్క పొరపాటు కురుమూర్తికి ఒక రోజు సంపాదించి పెట్టింది.

బాలకిష్టయ్య అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉన్నాడు. పని లేని రోజున నేతగాడి చేతులు ఊరుకోవు. ఒళ్ళో గుడ్డని వేళ్ళతో తడుముతూనే ఉన్నాడు. రెండు కళ్ళకీ శుక్లాలు.

"పాత జరీ ఉందా, అన్నా?"

"ఉన్నది గని, రేపు రా సేటు. ఇయ్యాల ఇంట్ల నుంచి జరీ బయటికి పోనియ్య."

"సరే. మగ్గం మీద కొత్త చీర ఉందంట కదా, ఒకసారి చూసిపోనా?"

"చూస్తందుకు అమాస ఏంది? చూడు."

గుంత మగ్గం మీద దాదాపు పూర్తయిన చీర. నడుమ తెల్లటి నూలు, అంచుకి కుంకుమరంగు పట్టు. జరీ అసలుదో కాదో చూస్తున్నట్టు కురుమూర్తి వంగి, తలుపు దగ్గరగా వేసి, టార్చి నొక్కాడు. నూలంతా లేత నీలంగా మెరిసింది. పచ్చ లేదు. ఈ చివరనుంచి ఆ చివరకి రెండుసార్లు చూశాడు. ఎక్కడా లేదు.

"ఏం చూస్తున్నవ్ సేటూ?"

వెనక చంద్రకళ. కళ్ళు తిప్పుకోనివ్వని మనిషి. గంధం రంగు చీర, చేతికి సన్నటి గడియారం, పెదవి చివర నవ్వు. ఆమె గొంతు అతనికి ఫోన్లో తెలుసు. ఆమెకి అతని పేరే తెలుసు, ముఖం తెలియదు.

"అసలు జరీయే, బిడ్డా," అన్నాడు కురుమూర్తి, కిళ్ళీ నములుతూ. బయటికొచ్చి బుచ్చన్న షాపు ఫోన్లో చీఫ్‌కి చెప్పాడు. "పోగు చీరలో లేదు, సార్."

"అయితే ఎక్కడుంది?"

"తెలీదు. రేపు చీర కోసేటప్పుడు అక్కడే ఉంటా."

మర్నాడు పొద్దున ఏడింటికి బాలకిష్టయ్య మగ్గానికి దండం పెట్టి చీర కోశాడు. వాకిట్లో పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. చంద్రకళ తల్లి అనంతమ్మ కొత్త పడుగు నూలుకి గంజి పట్టించే పనిలో ఉంది. కురుమూర్తి గడప పక్కన పాత చీరలు ముందేసుకుని అంచులు కత్తిరిస్తున్నాడు. చంద్రకళ చీర మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. మడత చిన్నదే, ముఖంలో వెలుగు మాత్రం పెద్దది.

"జర ఆగు బిడ్డా," అన్నాడు తండ్రి. "మొన్న నువ్వొక పోగు అతికితివి గద. నాకు ఎంత సంతోషమైందో! పదేండ్లకు మగ్గం కాడ కూసుంటివని. గని పట్నం పోయి చెయ్యి మర్చిపోయినవ్. ఎనభై నంబరు నూలు నడుమ వంద నంబరు సన్న పోగు పెట్టినవ్. ఉప్పు పట్టినట్టు గరుకుగ ఉన్నది. కండ్లు పోయినయ్ గని చేతి ఏళ్ళు పోలే నాయి. సోమవారమే పీకేసి వేరేది అతికిన. నువ్వు సిగ్గుపడతవని చెప్పలే."

చంద్రకళ ముఖం పాలిపోయింది. "ఏడ పెట్టినవ్ నాయినా?"

"పోగు పారేస్తమా? తెగిన తుంపులన్ని ముడేసి చుట్ట చుట్టిన. మీయమ్మ కొత్త పడుగుతోటి గంజిల ఏస్తది."

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఆ పోగు కోసం వచ్చింది తను ఒక్కతే కాదని అప్పుడే ఆమెకి అర్థమైంది. జరీ సేటు చేతిలో కత్తెర లేదు, టార్చి ఉంది.

వాకిట్లో అనంతమ్మ నూలు చుట్టని కట్టెకి తగిలించి గంజిలోకి దించుతోంది. కొస గంజిలో తడిసేంత దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఆగు!" అని చంద్రకళ అరిచింది. అనంతమ్మ ఉలిక్కిపడి కట్టె వదిలేసింది.

కురుమూర్తి దూకాడు. చుట్ట కింద అరచెయ్యి పట్టి పైకి తోశాడు. చుట్ట ఎగిరి అరుగు మీద పడింది, పొడిగా. అతని చెయ్యి మోచేతి దాకా ఉడుకుతున్న గంజిలోకి పోయింది.

"అమ్మా!" అన్నాడు.

రెండేళ్ళలో అతని నోటివెంట వచ్చిన మొదటి నిజమైన మాట అది. నొప్పి భగ్గుమని భుజం దాకా ఎక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత నొప్పి తన ఒంట్లో ఇంకా ఉందా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

తల తిప్పేసరికి చంద్రకళ ఒక చేతిలో నూలు చుట్ట, ఇంకో చేతిలో చిన్న పిస్తోలు.

"కురుమూర్తివా? మొద్దు మనిషివి నువ్వేనా?" అంది. "జరుగు. బండి ఎదురు చూస్తుంది."

"చంద్రకళా, ఆ పోగు ఏమిటో నీకు నాకంటే బాగా తెలుసు. ఆరు వారాలు ఆగలేనివాళ్ళు ఉన్నారు."

"వాళ్ళల్ల నాకు ఎవ్వరూ లేరు. మూడేళ్ళు ఆ మైక్రోస్కోప్‌కు కండ్లు పెట్టింది నేను, పేరు ఆశీర్వాదంకు. జరుగు!" వేలు బిగిసింది.

టప్‌మని చప్పుడైంది. తుపాకీ కాదు. అనంతమ్మ గంజికట్టె కూతురి మణికట్టు మీద పడింది.

"ఇంటికొచ్చినోనికి తుపాకి చూపెడ్తవానే? గిదేనా నేర్చుకున్నది!"

పిస్తోలు జారి వాకిట్లో పడింది. వీధిలో కాపు కాసిన బుచ్చన్న, అతని వెనకే ఇద్దరు కానిస్టేబుళ్ళు లోపలికొచ్చారు.

మగ్గం గదిలో తలుపు మూసి కురుమూర్తి ఎడమచేత్తో టార్చి నొక్కాడు. తుంపుల చుట్టలో రెండు వేళ్ళంత మేర పచ్చగా, కొత్త వరిమడిలా వెలిగింది. బాలకిష్టయ్య వంగి చూశాడు. మసక కళ్ళకి కూడా ఆ పచ్చ అందినట్టుంది.

"ఇది నా మగ్గం మీద కావాలని పెట్టిందా?" అన్నాడు.

"అవునన్నా."

ముసలాయన ఆ పోగుని వేళ్ళతో తడిమాడు. "దొంగతనం చేసిందంటే పట్నం పాడు చేసింది అనుకుంటుంటి. గని నా పడుగుల దొంగ పోగు పెట్టింది చూడు..." అని మొహం తిప్పుకున్నాడు. కురుమూర్తికి అతన్ని చూస్తే గుండెలో కలుక్కుమంది. ఆపాలని చూశాడు, ఆగలేదు.

క్రేమర్‌ని బీచుపల్లి వంతెన దగ్గర దొంగ పాస్‌పోర్టుతో పట్టుకున్నారు. చీర అందలేదన్న కోపంలో పోలీసులతో గంట వాదించాడట.

వారం తర్వాత డాక్టర్ ఆశీర్వాదం కురుమూర్తిని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాడు. బతికున్న కణంలో పచ్చటి చుక్కలు మెల్లగా కదులుతున్నాయి. పొద్దున తొమ్మిదింటికి మందు వేశారు. కురుమూర్తి లేవలేదు, టీ తాగలేదు. మధ్యాహ్నం మూడింటికి ఒక్కో చుక్కా మసకబారి ఆరిపోయింది.

"ఎవరి కోసమైనా చూస్తున్నారా?" అడిగాడు డాక్టర్.

"నా భార్య కోసం," అన్నాడు కురుమూర్తి. "ఆలస్యమైంది." భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. రెండేళ్ళ ఏడుపు ఒక్క స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు. డాక్టర్ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే మిషన్ రిపోర్టు రాశాడు. 'ఏజెంటుకు గాయం: ఉంది. కారణం: గంజి.' చీఫ్ సీతారాములు అది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఢిల్లీ వాళ్ళు నవ్వుతారని 'గంజి' కొట్టేసి 'ప్రమాదకర ద్రవం' అని మార్చి సంతకం పెట్టాడు.